ఎర్రదారం కట్టిన చెంబు

విశ్వవిద్యాలయంలో జరగబోయే బహిరంగ ఉపన్యాసాల, ప్రదర్శనల పట్టికను ఈ రోజుల్లో ఎవరూ ఏ గోడకూ అంటించరు. అది ఫోనులో ఉంటుంది. మా గోడ అవతలి ఇంటి కోడలు షబానా తన ఫోనును నా కళ్లద్దాల ముందు పెట్టి చూపించి ఉండకపోతే, భూగర్భ జలాల మీద ఒక ఉపన్యాసం ఉన్నదనీ, దానితోపాటు శిలల ప్రదర్శన ఉన్నదనీ, దానికి అందరూ ఆహ్వానితులేననీ నాకు తెలిసేదే కాదు. జీవితమంతా పంతులమ్మగా గడిపినదాన్ని, ఏ సంగతినైనా రాసిపెట్టుకొంటే తప్ప నాకు మనసు కుదుటపడదు. తేదీ, వేళ, గది, ఉపన్యాసకురాలి పేరు అన్నీ నా పుస్తకంలోకి ఎక్కించుకొని, ఆ రోజు పెందలాడే అన్నం తిని, ప్రొద్దుటూరులో బస్సెక్కాను. విశ్వవిద్యాలయం ప్రధాన ద్వారం దగ్గర కాపలా మనిషి కర్ర అడ్డం పెట్టాడు.

"యాడికి పోతాండావు అవ్వా?"

"ఉపన్యాసానికి నాయనా."

"కార్డుందా?"

"అందరూ రావచ్చునని రాసినారు గదా."

"అట్లనే రాస్తారులే. అందరూ అంటే ఈడ చదువుకునేటోళ్లు అందరూ అని."

అందరూ అన్న మాటకు ఇంత పెద్ద కంచె వేయవచ్చునని నాకు ఇన్నేళ్లు వచ్చినా తెలియదు. అతనితో వాదించి, పెద్దదాన్నని చివరకు అతనే జాలిపడి వదిలితే, లోపలికి పోయి చూశాను. విశాలమైన గది, చల్లగాలి యంత్రాలు, మెత్తని కుర్చీలు. హాజరు వేస్తారని వచ్చిన పిల్లలు వెనక వరుసల్లో సర్దుకొని కూర్చున్నారు. ముందు వరుసలన్నీ ఖాళీ. బయట వరండాలో అద్దాల పెట్టెల్లో రాళ్లు, ఆ అద్దాల మీద తాకరాదని హెచ్చరికలు. ఊళ్లోవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు. ఎవరికీ చెప్పకుండా, ఎవరినీ రానివ్వకుండా, బహిరంగం అని పేరు పెట్టడం ఏ విధమైన మర్యాదో ఆ పెద్దలే చెప్పాలి. మొదటి వరుసలో ఒంటరిగా కూర్చొని, నా పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూస్తే, అది అమ్మ కూర్చోవలసిన కుర్చీ అనిపించింది. అంతే, ఉపన్యాసం మొదలు కాకముందే నేను ఆ గదిలో లేను.

కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం నడిచిన ఆ కొద్దికాలంలో మేము విశ్వవిద్యాలయానికి పోవలసిన పని ఉండేది కాదు, విశ్వవిద్యాలయమే మా దగ్గరికి వచ్చేది. పత్తి మిల్లులో గుమాస్తాగా ఉన్న మా నాన్న మా పేట పఠనమందిరానికి కార్యదర్శి కూడా. ఏడాదికొకసారి ఆయన పేర పొడుగాటి కవరు వచ్చేది. అందులో రాబోయే కాలంలో ఏ ఊరికి ఏ ఆచార్యులు వచ్చి ఏ విషయం మీద ప్రసంగిస్తారో అచ్చువేసిన కాగితం ఉండేది. జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు అని మా ఊర్ల పేర్లు అచ్చులో కనబడితే నాన్న ముఖం వెలిగిపోయేది. సాయంత్రం మిల్లు నుంచి వచ్చి, చొక్కాకు అంటుకొన్న దూది పోగులను దులుపుకొని, కాళ్లు కడుక్కొని, అరుగు మీద కూర్చొని ఆ కాగితాన్ని పెద్దగా చదివేవాడు. ఇంట్లో కాలుతున్న జొన్నరొట్టె వాసన, కొత్త అచ్చుసిరా వాసన కలిసి ఉండే ఆ సాయంత్రం నాకు పండుగలన్నిటి కంటే ఎక్కువగా గుర్తున్నది. అమ్మ తలుపు వెనక నిలబడి చేటలో బియ్యం చెరుగుతూ వినేది. ఎప్పుడూ ఏమీ అడిగేది కాదు. ఆ ఏడు మాత్రం చేట ఆపింది.

"ఇంగొకసారి చదువు," అన్నది.

"భూమి, శిలలు, జలములు. ఉపన్యాసము, ప్రదర్శన," అని నాన్న చదివాడు.

"జలములంటే బాయి నీళ్లు గూడ వస్తాయా?"

"వస్తాయిలే. నీకెందుకది?"

అమ్మ మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. ఎందుకు అడిగిందో నాకు తెలుసు, నాన్నకూ తెలుసు. మా పెరటి బావి నీళ్లు ఉప్పు. ఆ నీళ్లలో కందిబేళ్లు ఎంతసేపు ఉడికించినా రాళ్లలాగే ఉండేవి, సబ్బు నురగ వచ్చేది కాదు, తల రుద్దుకొంటే వెంట్రుకలు పీచు కట్టేవి. గోడకు అవతల జట్కా తోలే మస్తాన్ మామ ఇల్లు. ఆ పెరట్లో బావి నీళ్లు కొబ్బరినీళ్లంత తీపి. మధ్యలో ఉన్నది ఒక్క మట్టిగోడ. ఆ గోడలో ఒకచోట ఇటుకలు తీసి కంత చేసుకొన్నారు. తెల్లవారుజామున మామ భార్య ఖాసింబీ అత్త అవతల నిలబడి నిండు బిందెను కంత గుండా అందిస్తే, అమ్మ ఇవతల నిలబడి ఖాళీ బిందెను అందించేది. ఇద్దరి మాటలూ, గాజుల చప్పుడూ, బిందె అంచు ఇటుకకు తగిలిన శబ్దమూ వింటూ నేను నిద్ర లేచేదాన్ని. ఆ శబ్దం కోసం ఇప్పటికీ ఒక్కొక్క తెల్లవారుజామున చెవి ఒగ్గి పడుకొంటాను.

నీళ్లు ఉప్పు కావడం అమ్మకు పెద్ద కష్టం కాదు, మోసుకోవడానికి ఒంట్లో బలం ఉండేది. కష్టం మా జేజి మాట. నాన్న తల్లి అయిన జేజి, వచ్చినవారి దగ్గరా పోయినవారి దగ్గరా ఒకటే చెప్పేది: "మా బాయి నీళ్లు పాలమాదిరి ఉండేటివి. ఈయమ్మ కాలు పెట్టింది, నీళ్లు ఉప్పెక్కె." అమ్మ కాపురానికి వచ్చిన ఏడే బావి రుచి మారిన మాట నిజమట. దానికి సాక్షులు కూడా ఉన్నారు. జేజి దుర్మార్గురాలు కాదు. అమ్మకు జ్వరం వస్తే కషాయం కాచి రాత్రంతా పక్కన కూర్చొనే మనిషే. కానీ ఆ మాటను మాత్రం, ఉప్పులో ఊరిన మామిడికాయ లాగ, ఏటికేడు మరింత పదును చేసి వడ్డించేది. పెళ్లి చూపులకో పేరంటానికో ఎవరైనా వస్తే మంచినీళ్ల చెంబుతో పాటు ఆ మాటా వచ్చేది. అమ్మ తలవంచుకొని చెంబు అందించేది. ఆమె కోరిక ఒక్కటే. చదువుకొన్నవాడెవడైనా వచ్చి, నలుగురు వినేటట్లు, ఆ ఉప్పు తనవల్ల రాలేదని చెప్పాలి.

సభ సంగతి ఊరికి తెలియజేసే బాధ్యత మస్తాన్ మామది. జట్కాలో నిలబడి, రేకు బూర నోటికి పెట్టుకొని, వీధి వీధికీ చెప్పేవాడు. కాగితంలో ఉన్నది ఉన్నట్లు చెప్పడం మామ స్వభావంలో లేదు. మా ప్రాంతంలో ప్రదర్శన అంటే తిరునాళ్లలో జరిగే ఎద్దుల ప్రదర్శన ఒక్కటే. ఎవరి ఎద్దులను వారు తోమి, కొమ్ములకు రంగు వేసి తోలుకొనిపోతారు, దొరగారు వచ్చి పళ్లు చూసి మెచ్చుకొంటారు. రాళ్ల ప్రదర్శన కూడా అంతే కదా అని మామ తేల్చుకొన్నాడు. "యూనివర్సిటీ సారు వస్తాండాడు! ఎవుర్ల ఊరి రాయి వాళ్లు, ఎవుర్ల చేని మన్ను వాళ్లు తెచ్చుకోండప్పో! సారు చూసి బాగోగులు చెప్తాడు!" అని మామ కేక వేసిన సంగతి నాన్నకు తెలిసేసరికి జట్కా ఊరంతా తిరిగి వచ్చింది. మామ ఒక్కడే కాదు, చెప్పేవారు లేకుండానే తక్కిన రెండు ఊర్లూ ఇదే తప్పు చేశాయి. జమ్మలమడుగులో జనం నాపరాళ్లు ఎద్దులబండి మీద తెచ్చారనీ, ఆచార్యులవారు బిత్తరపోయారనీ బస్సు డ్రైవరు చెప్పాడు. మరునాడు పులివెందులలో ముగ్గురాయి, ఆస్బెస్టాస్ అనే రాతినార, వేరుశనగ చేల మన్ను బల్ల మీద పట్టనంతగా పోగయ్యాయని కబురు వచ్చింది. నాన్నకు తల కొట్టేసినట్లయింది. సాయంత్రం మామను అరుగు మీదికి పిలిచాడు.

"ఏం పని చేసినావు మస్తానూ? ప్రదర్శన అంటే వాళ్లు తెచ్చిన రాళ్లు మనం చూసేది. మన రాళ్లు వాళ్లకు చూపేది గాదు. కోస్తా మనిషాయన, మనల్ని ఏమనుకుంటాడు? పోయి ఎవురూ ఏమీ తేవద్దని చెప్పిరా."

"అదెట్లయితాది బావా? పెండ్లికి పిల్చి, విస్తరేసినంక బువ్వ లేదు లేయమన్నట్ల ఉంటాది. నా బూరకు మర్యాద యాడుంటాది?"

"నీ బూర మర్యాద సరే, నా మర్యాద?"

"ఆయప్ప తెచ్చిన రాళ్లు ఆయప్పకు తెలిసినవే గదా. తెలీనివి చూసేదానికి గదా మనిషి ఇంత దూరం వచ్చేది?"

ఆ మాట నాన్నకు న్యాయంగానే తోచింది. అందుకే కోపం ఎక్కువైంది. మా ఇంటి నుంచి మాత్రం గడ్డిపోచ కూడా బయటికి పోరాదని గట్టిగా చెప్పి లోపలికి పోయాడు.

సభ రోజు మధ్యాహ్నం అమ్మ పెరట్లో కూర్చొని రెండు ఇత్తడి చెంబులను చింతపండుతో తోమింది. ఒకదాన్ని మా బావిలో ముంచింది. రెండోదాన్ని కంత గుండా ఖాసింబీ అత్తకు ఇచ్చి నింపించుకొన్నది. నోట్లో పోసుకొంటే ఎవరికైనా తెలిసే తేడానే అయినా, చూడగానే తెలియాలని, ఆ తీపి నీళ్ల చెంబు మెడకు ఎర్రదారం కట్టింది. రెండింటినీ కొంగు కింద పట్టుకొని, జేజి వెనకే నడిచింది. జేజి చూసింది. వద్దనలేదు. "తీసకపో మే తీసకపో. ఏం చెప్తాడో నేనూ ఇంటా," అన్నది.

పఠనమందిరంలో ఆడవాళ్ల కోసం ఒక మూల తాడు కట్టి జంఖానా వేలాడదీశారు. దాని వెనక మేము, ఖాసింబీ అత్త వాళ్లు ఒకరి మోకాళ్లు ఒకరికి తగిలేటట్లు కూర్చొన్నాము. జంఖానా అంచు పక్కకు జరిపితే వేదిక కనబడేది. ఆచార్యులవారు సన్నగా, చెమటతో తడిసిన కోటుతో ఉన్నారు. ఆయన తెచ్చిన అద్దాల పెట్టెలు ఒక పక్కకు పోయాయి. బల్లనిండా మా వాళ్ల రాళ్లు, మూటల్లో మన్ను, చెరువు బంక, ఏటి గులకలు. ఖాసింబీ అత్త జంఖానా కింది నుంచి మా చెంబులను కూడా మామకు అందించింది. మామ వాటిని బల్ల మీద అందరికీ కనబడేటట్లు పెట్టాడు. నాన్న వాటిని గుర్తుపట్టి నేలచూపులు చూశాడు. ఆచార్యులవారు కాసేపు తన కాగితాలు, కాసేపు బల్ల చూసి, కాగితాలను కోటు జేబులో పెట్టుకొన్నారు. "మూడు రోజులుగా మీ జిల్లా నాకు పాఠం చెబుతోంది. ఇవాళ కూడా ఇదే కానిద్దాం," అని ఒక్కొక్క రాయిని ఎత్తి, అది ఏమిటో, ఎక్కడ పుట్టిందో చెప్పారు. తెచ్చినవాడు లేచి నిలబడేవాడు, జనం అతణ్ణి ఎద్దును చూసినట్లు చూసేవారు. చివరికి చెంబుల దగ్గరికి వచ్చి, "ఇవి ఎవరివండీ?" అని అడిగారు.

నాన్న తల ఎత్తలేదు. జంఖానా వెనక అమ్మ చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకొన్నది. బయటి నుంచి మామ గొంతు వినబడింది: "చెప్పక్కా. తెచ్చింది నువ్వు, చెప్పాల్సింది మేమా?"

అమ్మ కూర్చొన్నచోటి నుంచే మాట్లాడింది. ఆ మందిరంలో ఆడగొంతు వినబడడం అదే మొదటిసారి. "రెండు బాయిల నీళ్లు సారూ. నడుమ గోడ ఒక్కటే. ఎర్రదారం కట్టింది తీపి, కట్టంది ఉప్పు. ఉప్పుది మా ఇంటిది. ముందు ఉప్పు లేదంట. నేను కాపురానికొచ్చిన యేడు ఉప్పాయె. మనిషి అడుగుపెడితే నీళ్లు ఉప్పయితాయా సారూ?"

జనంలో నవ్వు లేచింది. ఆచార్యులవారు నవ్వలేదు. ఒక చెంబు ఎత్తి ఇంత నోట్లో పోసుకొన్నారు, తరువాత రెండోది. మస్తాన్ ఇంటి బావి నీళ్లు అందరి ఎదుటా ఆయన తాగడం చూసి కొందరు ఒకరి మొగం ఒకరు చూసుకొన్నారు. నవ్వు తగ్గింది. ఆయన జంఖానా వైపు తిరిగి, "కావమ్మా," అన్నారు. "మనిషి వల్ల కావు. ఎందుకయ్యాయో మాత్రం ఇప్పుడు చెప్పలేను. తెలియనిది తెలుసని చెప్పకూడదు. మీ వీధి చూడాలి, బావుల లోతు చూడాలి. వచ్చే ఏడు ఇదే విషయం మీద వస్తాను."

ఇంటికి నడుస్తుంటే అమ్మ అడుగులు నేలకు ఆనినట్లు లేవు. నాన్న వెనకబడి వస్తున్నాడు. జేజి మాత్రం గుమ్మం ఎక్కుతూ అన్నది: "చూడకుండానే కావని ఎట్ల చెప్పె? చూసినంక చెప్పనీ, అప్పుడొప్పుకుంటా."

మరుసటి ఏడు కవరు వచ్చింది. జమ్మలమడుగుకు ఏదో, పులివెందులకు ఏదో. ప్రొద్దుటూరుకు ఆయన పేరే, దాని పక్కన 'ఒక వీధిలోని రెండు బావులు' అని అచ్చులో ఉన్నది. నాన్న చదివి, తనంతట తానే మళ్లీ చదివాడు. అమ్మ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకొని, అక్షరాలు కూడబలుక్కొంటూ, ఆ వరుస మీద వేలు పెట్టి చాలాసేపు ఉన్నది. విశ్వవిద్యాలయం పెద్దలు అచ్చువేయించిన జాబితాలో మా వీధి ఉన్నది, అందులో మా బావి ఉన్నది, ఆ బావిలో ఆమె ప్రశ్న ఉన్నది. ఇప్పటి ఫోను పట్టికల్లో ఏ ఇల్లాలి ప్రశ్న ఉన్నదో ఎవరైనా చూపిస్తే నా మాటలన్నీ వెనక్కి తీసుకొంటాను.

ఆ రోజు చెంబులు తోమి, నింపి, ఎర్రదారం కట్టి, అందరమూ తయారై కూర్చొన్నాము. ఎర్రగుంట్లలో రైలు దిగే ఆచార్యులవారిని తీసుకొని రావడానికి నాన్న పోయాడు. మాపటికి ఒక్కడే తిరిగి వచ్చాడు. చేతిలో తంతి కాగితం ఉన్నది. ఉపన్యాసం వాయిదా. కారణం లేదు. అమ్మ ఉప్పు చెంబును మునగచెట్టు మొదట్లో పోసింది, తీపి చెంబును తాగే కడవలో పోసింది. జేజి చూస్తూ, "రాలేదా మే నీ సారు?" అన్నది. ఆ గొంతులో గెలిచిన సంతోషం లేదు.

"వాయిదా అన్నారు గాని రానని అనలేదు గదత్తా," అన్నది అమ్మ.

ఆయన మళ్లీ రాలేదు. తరువాతి కాగితాల్లో ఆయన పేరు లేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు ఆ కాగితాలూ ఆగిపోయాయి. అయినా ఆ రోజులు వచ్చినప్పుడు అమ్మ, "కవరొచ్చిందా?" అని నాన్నను అడిగేది. జేజి మంచం పట్టిన తరువాత ఒక పగలు దాహమన్నది. అమ్మ తాగే కడవలోని గోడ అవతలి నీళ్లు ముంచి చెంబు పట్టింది. "ఏ బాయివి మే?" అన్నది జేజి. అమ్మ చెంబును ఆమె పెదవులకు ఆనించి, "మన బాయివే అత్తా," అన్నది. జేజి గుటక వేసి, కళ్లు మూసుకొని, "తియ్యగుండాయే," అన్నది. జీవితమంతా ఆ రెండు నీళ్లూ తాగిన మనిషి, చెంబు ముక్కు దగ్గరికి రాగానే తేడా చెప్పగల మనిషి. ఆమెకు తెలియలేదని నేను నమ్మను. ఆ తరువాత ఆ పాత మాట ఇంట్లో మళ్లీ వినబడలేదు. అమ్మకు మాత్రం అది చాల్లేదు. మాఫీ వేరు, కారణం వేరు. తను పోయేదాకా ఆమె కారణం కోసమే చూసింది.

నేను మళ్లీ ఆ చల్లని గదిలోకి వచ్చేసరికి ఉపన్యాసం ముగిసింది. ఎవరైనా ప్రశ్నలు అడగవచ్చునని ఉపన్యాసకురాలు అన్నది. పిల్లలు సంచులు సర్దుకొంటున్నారు. నేను లేచి నిలబడి, అమ్మ ప్రశ్నను అమ్మ మాటల్లోనే అడిగాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నా మనుమరాలి వయసున్న ఆ పిల్ల వేదిక దిగి, నా పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చొన్నది.

"మనిషి వల్ల మారవు మేడం. ఎందుకు మారాయో ఇక్కడ కూర్చొని చెప్పలేను. ఆ బావులు చూడొచ్చా?"

"లేవమ్మా. రెండూ పూడ్చేసినారు. ఇప్పుడు బోర్లు."

"బోరు నీళ్లయినా తెచ్చివ్వండి. రెండు వైపులవీ. పరీక్ష చేసి చెబుతాను."

ద్వారం దగ్గరి నుంచి మోసుకొని వచ్చిన కోపాన్ని ఎక్కడ దించాలో నాకు తెలియలేదు. పుస్తకం తీసి ఆమె చెప్పిన రోజు రాసుకొన్నాను. బయటికి వస్తుంటే కాపలా మనిషి, "అయిపాయెనా అవ్వా?" అన్నాడు. ఇంకా కాలేదని చెప్పాను.

అటక మీది చెంబులు దింపి చింతపండుతో తోమాను. ఒకదాన్ని మా బోరు దగ్గర నింపి, రెండోది తీసుకొని, ఒకప్పుడు మస్తాన్ మామది అయిన షబానా ఇంటికి పోయాను. క్యాన్లలో నీళ్లు కొనుక్కోవడం మొదలైన తరువాత గోడ అవతలి నీళ్ల అవసరం పడలేదు. కంత ఉన్నచోట ఇప్పుడు సిమెంటు గోడ. షబానా పెనిమిటి కువైట్ నుంచి పంపించిన నీళ్ల ఫిల్టరు వంటింట్లో మెరుస్తున్నది. చెంబు తీసుకొని ఆమె దాని దగ్గరికే పోయింది.

"అవి కాదమ్మా, బోరువి కావాల."

"బోరువా? వాటినేం చేసుకుంటావు అవ్వా? నోట్లో పోసుకునేటట్ల లేవే. శానా ఉప్పు."

"ఈ ఇంటి నీళ్లు తీపమ్మా."

"యా కాలం మాట? నేనొచ్చినప్పటినుంచీ ఉప్పే," అని నవ్వి, కొళాయి కింద చెంబు పట్టి ఇచ్చింది.

అక్కడే నిలబడి ఒక గుక్క తాగాను. ఇంటికి వచ్చి మా చెంబులోది ఒక గుక్క తాగాను. మళ్లీ అదీ, మళ్లీ ఇదీ. ఆ తరువాత దారపుండ వెతికి, గోడ అవతలి చెంబు మెడకు ఎర్రదారం కట్టాను. ఏది ఎవరి ఇంటిదో చెప్పడానికి ఇప్పుడు ఆ దారం తప్ప మరో గుర్తు లేదు.